ఫ్యాన్స్ ఎవరికెక్కువో తర్వాత, ముందు పెళ్లికి వెళ్లండి

ప్రశ్న: మాది విజయవాడ, పటమట. నాకు 24 ఏళ్లు. కానూరులో బీటెక్ చేసి ఇక్కడే ఉద్యోగం చేస్తున్నాను. స్కూల్లో ఉన్నప్పటి నుంచీ ఇంగ్లాండ్ ఫుట్‌బాల్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్ అభిమానిని. ఇంటర్ హాస్టల్లో పరిచయమైన నా ఫ్రెండ్‌ది గుంటూరు. వాడు మా ప్రత్యర్థి క్లబ్ లివర్‌పూల్ అభిమాని. ఆదివారం పొద్దున్నే ఇద్దరం ఒకే టర్ఫ్ టీమ్‌లో ఆడతాం. మొన్నామధ్య రూములో అందరం మ్యాచ్ చూస్తుండగా మాటా మాటా పెరిగింది. "మీ క్లబ్ లీగ్ గెలిచి ఎన్నేళ్లయిందిరా? ఉన్న ఫ్యాన్స్‌లో సగం రొనాల్డో కోసం వచ్చి పోయినవాళ్లే" అన్నాడు. ప్రపంచంలో మాకు 110 కోట్ల మంది ఉన్నారన్నాను. "అంటే ఏడుగురిలో ఒకడన్నమాట. మీ వీధిలో ఏడుగుర్ని అడిగి ఒకణ్ణి చూపించు" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. ఆ ఉక్రోషంలో, లివర్‌పూల్ అభిమానులు నలిగి చనిపోయిన హిల్స్‌బరో మీద నెట్‌లో చూసిన మాట ఒకటి అనేశాను. వాడు మా ఆటగాళ్లు పోయిన మ్యూనిక్ విమాన ప్రమాదం ఎత్తాడు. కాలర్లు పట్టుకునేదాకా వెళ్లింది. నెల దాటింది, మాటల్లేవు. ఎవరి క్లబ్‌కి ఫ్యాన్స్ ఎక్కువో రుజువుతో తేల్చాలని అదే రాత్రి చెరో వెయ్యి పందెం కాసి మూడో ఫ్రెండ్ చేతికిచ్చాం. ఇంతలో వాడి అక్క పెళ్లి కుదిరింది. పెళ్లి గుంటూరులోనే. శుభలేఖ ఇవ్వడానికి వాళ్ల నాన్నగారు మా ఇంటికి వచ్చారు, వాడు రాలేదు. అమ్మ వెళ్లి తీరాలంటోంది. "రెండు టీముల చొక్కాలూ ఎర్రవే కదరా, దేనికి కొట్టుకుంటున్నారు" అని నవ్వుతోంది కూడా. మా క్లబ్‌కే ఫ్యాన్స్ ఎక్కువని వాడి నోరు మూయించే ఆధారం ఏది? పెళ్లికి వెళ్లాలా, వద్దా?
– ఒక యునైటెడ్ అభిమాని, విజయవాడ

సమాధానం: మీ రెండో ప్రశ్నకి జవాబు ఒక్క మాటే: వెళ్లండి. ఎలా వెళ్లాలో చివర్లో చెబుతాను. మొదటిదానికే కాస్త ఓపిక కావాలి. మీ చేతిలో ఉన్న ఆధారం మీరనుకుంటున్నంత గట్టిది కాదు. మీ ఫ్రెండ్ ఎగతాళిలోనూ అంత పస లేదు లెండి.

ముందు ఆ 110 కోట్ల సంగతి. అది ఎవరో గాల్లో అన్న అంకె కాదు. 2019లో కాంటార్ అనే సర్వే సంస్థ వేసిన అంచనా. క్లబ్బే దాన్ని ప్రకటించుకుంది. అంతకుముందు అదే సంస్థ చెప్పిన లెక్క 65.9 కోట్లు. ఈ పాత అంకె ఎక్కడ అచ్చయిందో చూస్తే అసలు విషయం బోధపడుతుంది. 2012 ఆగస్టులో మాంచెస్టర్ యునైటెడ్ న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో షేర్లు అమ్మింది. షేర్లు కొనేవాళ్లు చదువుకోవడానికి కంపెనీ ఒక పత్రం ఇస్తుంది కదా, ఈ 65.9 కోట్ల మాట అందులో ఉంది. 39 దేశాల్లో 50 వేల పైచిలుకు మందిని అడిగి, వచ్చిన శాతాల్ని జనాభాకి హెచ్చవేశారు. అందులో తప్పు పట్టడానికేం లేదు, మన ఎన్నికల సర్వేలూ అలాంటివే.

మెలికంతా 'ఫాలోవర్' అని ఎవర్ని లెక్కేశారన్న దగ్గర ఉంది. యునైటెడ్ నా అభిమాన జట్టు అన్నవాళ్లు అందులో ఉన్నారు. నా అభిమాన జట్టు వేరే, అయినా యునైటెడ్‌ని కూడా ఇష్టంగా గమనిస్తుంటాను అన్నవాళ్లూ ఉన్నారు. మ్యాచ్ లైవ్‌లో చూసేవాళ్లు, హైలైట్స్‌తో సరిపెట్టుకునేవాళ్లు, ఆ క్లబ్ గురించి తరచూ చదివేవాళ్లు, మాట్లాడుకునేవాళ్లు, అందర్నీ ఒకే గాటన కట్టేశారు. ఇదేమీ దాచిపెట్టిన రహస్యం కాదు, ఆ పత్రంలోనే రాసి ఉంది. కాకపోతే అంకె ఊరంతా తిరిగింది, దాని కింద ఉన్న వివరణ పత్రంలోనే ఉండిపోయింది. తెల్లవారుజామున మూడు దాకా మేలుకుని ఓడిపోయిన మ్యాచ్ చూసి మర్నాడు ఆఫీసుకి వెళ్లే మీరూ, పేపర్లో స్కోరు చూసి పేజీ తిప్పేసే ఇంకొకరూ ఆ లెక్కలో సమానమే. నిజానికి మీ ఫ్రెండ్ యునైటెడ్ గురించి మాట్లాడని రోజంటూ ఉందా? నిబంధన ఇంకొంచెం సడలిస్తే అతన్నీ మీ 110 కోట్లలో కలిపేసుకోవచ్చు.

విజయవాడలో పెరిగినవాళ్లకి ఇది కొత్త కథేం కాదు. గాంధీనగర్ థియేటర్ల దగ్గర మీ నాన్నగారి తరం ఇదే పోట్లాట పోట్లాడింది. మా హీరో సినిమా ఇన్ని సెంటర్లలో వంద రోజులు ఆడిందంటే, మా హీరోది అంతకన్నా పది సెంటర్లు ఎక్కువని. ఆ వంద రోజుల్లో కూడా రకాలుండేవి. డైరెక్టుగా ఆడినవి కొన్ని, షిఫ్టుల మీద లాగినవి కొన్ని, రోజుకి ఒక్క ఆటతో నెట్టుకొచ్చినవి కొన్ని. పేపర్లో వేసే ప్రకటనలో మాత్రం అన్నీ ఒకటే వరుసలో ఉండేవి. ఖాళీ హాల్లో ఫ్యాన్లు తిరుగుతుండగా తొంభై తొమ్మిదో రోజు ఆట ఆడించిన థియేటర్లున్నాయని ఇరువర్గాలకీ తెలుసు. అయినా పక్కవాడి సెంటర్లే దొంగవి, మనవి నిఖార్సైనవి.

ఆ సెంటర్ల లెక్క సినిమా కొనేవాడికి పనికొచ్చేది, తర్వాతి సినిమా రేటు పెంచడానికి. 110 కోట్ల లెక్క కూడా అంతే. చొక్కా మీద పేరు వేయించుకునే కంపెనీకీ, షేరు కొనేవాడికీ 'చూశారా, మా సరుకు ఇంతమంది కంట్లో పడుతుంది' అని చూపించడానికి తయారైన అంకె అది. మీలాంటి అభిమానిని అమ్మకానికి పెట్టి వేసిన ధర ట్యాగ్ అని నా అభిప్రాయం. మీరు దాన్ని తెచ్చి మీ జెండాకి కట్టుకున్నారు. దాని కోసం హాస్టల్ స్నేహం పోగొట్టుకునేదాకా వెళ్లారు. న్యూయార్క్‌లో షేర్లు కొన్న పెద్దమనిషికి ఈ సంగతి తెలిస్తే సంతోషిస్తాడేమో కానీ, మీకేం మిగిలింది?

సరే, ఆ అంకె పక్కన పెట్టి వేరే కొలతలు చూద్దామన్నా వ్యవహారం తేలదు. ఇన్‌స్టాగ్రామ్‌లో చూస్తే యునైటెడ్ లివర్‌పూల్ కన్నా ముందుంది. అక్కడితో ఆపితే పందెం మీదే. కానీ రియల్ మాడ్రిడ్, బార్సిలోనా మీ ఇద్దరికీ అందనంత దూరంలో ఉన్నాయి కాబట్టి 'ప్రపంచంలో మాకున్నంత మంది ఎవరికీ లేరు' అన్న మాట అక్కడే వీగిపోతుంది. స్టేడియం చూస్తే మీ ఓల్డ్ ట్రాఫర్డ్‌లో దాదాపు 74 వేల సీట్లు, వాళ్ల ఆన్‌ఫీల్డ్‌లో విస్తరణ తర్వాత 61 వేలు. రెండూ నిండుతాయి. సీట్లెన్నో అది చెబుతుంది, బయట ఎంతమంది టికెట్ దొరక్క ఉండిపోయారో చెప్పదు. కప్పులు లెక్కపెడితే 2025 ఏప్రిల్‌లో లివర్‌పూల్ కూడా 20వ లీగ్ టైటిల్ గెలిచి మీ పక్కన వచ్చి నిలబడింది. యూరోపియన్ కప్పులు వాళ్లవి ఆరు, మీవి మూడు. ఇది మీకు తెలియదని కాదు, ఎప్పుడూ మీరు మాట మార్చేది ఇక్కడే అని నా అనుమానం.

మీ వీధిలో ఏడుగుర్ని అడగమన్న మీ ఫ్రెండ్ మాట కూడా కుదరదు. ప్రపంచం సగటున ఏడుగురిలో ఒకరంటే పటమటలోనూ ఏడుగురిలో ఒకరుండాలని లేదు. పటమటలో ఏడుగుర్ని ఆపి అడిగితే ఏడుగురూ క్రికెట్ గురించే మాట్లాడతారు. లివర్‌పూల్ పేరు చెప్పేవాడూ దొరకడు. ఆ రాత్రి ఈ ఒక్క మాట తట్టి ఉంటే మీరూ నవ్వేసేవారు, గొడవ అక్కడితో పోయేది.

అయినా ఒక్క ఆధారమైనా ఇవ్వకుండా పంపితే మీకు ఈ జవాబు రుచించదని తెలుసు. కాబట్టి ఒకటిస్తాను, షేర్ల పత్రంలోది కాదు. 1974లో యునైటెడ్ రెండో డివిజన్‌కి పడిపోయింది. యూరప్ కప్పు గెలిచి ఆరేళ్లే అయింది అప్పటికి. 1974–75 సీజనంతా కింది డివిజన్‌లో చిన్న చిన్న జట్లతో ఆడింది. ఆ ఏడాది ఇంగ్లాండ్ మొత్తంలో, పై డివిజన్ జట్లతో కలిపి చూసినా, సొంత మైదానానికి సగటున ఎక్కువమంది జనం వచ్చింది యునైటెడ్‌కే. ఏ సర్వే అక్కర్లేదు, టికెట్ కొనుక్కుని వచ్చి కూర్చున్న మనుషుల లెక్క. గెలుస్తున్నప్పుడు జనం రావడం వింత కాదు కదా.

కానీ ఈ ఆధారానికో చిక్కుంది. మీ ఫ్రెండ్ దగ్గర కూడా ఇలాంటిదే ఇంకోటి ఉంది. 1990లో లీగ్ గెలిచిన లివర్‌పూల్ మళ్లీ గెలిచింది 2020లో. మధ్యలో 30 ఏళ్లు. ఆ కాలంలో 13 సార్లు యునైటెడ్ గెలుస్తుంటే చూస్తూ కూడా ఆన్‌ఫీల్డ్ ఖాళీ కాలేదు. వాళ్ల నాన్నలు గెలుపు చూశారు, పిల్లలు కథలు విన్నారు, అయినా స్టాండ్స్‌లో అదే పాట పాడుకున్నారు. ఇది మీరు ఒప్పుకోవాలి, అది అతను ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే ఎవరికెక్కువ అన్న ప్రశ్నే కాస్త పలచబడుతుంది.

అసలు మిమ్మల్ని గుచ్చింది ఫ్యాన్స్ సంఖ్య కాదనుకుంటాను. 'రొనాల్డో కోసం వచ్చి పోయినవాళ్లే' అన్న మాట. అందులో మీరూ ఉన్నారని మీకు తగిలింది. మాంచెస్టర్ ఎప్పుడూ చూడకుండా, ఆ యాస అర్థం కాకుండా ఇక్కడ కూర్చుని 'మా క్లబ్' అంటున్న ప్రతివాడికీ ఈ మాట తగులుతుంది. మీ ఫ్రెండ్‌కీ తగులుతుంది, అతను పుట్టింది మాత్రం లివర్‌పూల్‌లోనా? మన దగ్గర చాలామంది ఏ క్లబ్ ఎందుకు పట్టుకున్నారంటే, కేబుల్ టీవీలో ఆట చూడటం మొదలుపెట్టిన రోజుల్లో ఎవరు గెలుస్తుంటే వాళ్లని. 1999లో బార్సిలోనా మైదానంలో ఆఖరి నిమిషాల్లో రెండు గోల్స్ కొట్టి జర్మనీ క్లబ్ బయర్న్ చేతిలోంచి యూరప్ కప్పు లాక్కున్న యునైటెడ్‌ని చూసినవాడు అటు వెళ్లాడు. 2005లో ఇస్తాంబుల్‌లో మూడు గోల్స్ వెనకబడి లేచిన లివర్‌పూల్‌ని చూసినవాడు ఇటు వచ్చాడు. ఇందులో సిగ్గుపడాల్సింది నాకేం కనపడదు. మొదటిసారి ఎందుకు చూశాం అన్నది పెద్ద విషయం కాదు, ఇంకా ఎందుకు చూస్తున్నాం అన్నదే అడగాలి.

ఆ ప్రశ్నకి మీ దగ్గర మంచి జవాబుంది, మీరే గమనించలేదు. 2013లో మీ మేనేజర్ ఫెర్గూసన్ చివరి లీగ్ టైటిల్ గెలిచి తప్పుకున్నప్పుడు మీకు పన్నెండేళ్లు ఉంటాయి. ఆ తర్వాత యునైటెడ్ లీగ్ గెలవలేదు. 2024–25లో 15వ స్థానంలో ఆగింది. ఆ ఏడాదే యూరోపా ఫైనల్లో టాటెన్‌హామ్ చేతిలో ఓడింది. మీకు మీసాలొచ్చిన దగ్గర్నుంచీ మీరు చూసిందంతా ఎక్కువగా ఇదే. రొనాల్డో 2021లో తిరిగొచ్చాడు, 2022 నవంబరులో వెళ్లిపోయాడు. అతనితోపాటు వచ్చినవాళ్లలో కొందరు అతనితోనే వెళ్లిపోయారు, మీ ఫ్రెండ్ చెప్పినదాంట్లో ఆ కాస్త నిజముంది. మీరు వెళ్లలేదు. ఆ రాత్రి చెప్పాల్సిన మాట ఇదే. 110 కోట్లతో మీకు పనేముంది?

ఇప్పుడు కష్టమైన సంగతికొస్తాను. మీ ఉత్తరంలో మీరు ఒక్క వాక్యంలో దాటేసిన చోటు. "హిల్స్‌బరో మీద నెట్‌లో చూసిన మాట ఒకటి అనేశాను." ఏం మాట అన్నారో రాయలేదు. రాయడానికి చెయ్యి రాలేదంటే మీకు లోపల తెలుసన్నమాట.

1989 ఏప్రిల్ 15. షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ జట్లకి ఎఫ్ఏ కప్ సెమీఫైనల్. గేటు బయట జనం కిక్కిరిసిపోతుంటే పోలీసులు ఒక పెద్ద గేటు తెరిపించారు. లోపలికి వచ్చినవాళ్లకి దారి చూపించేవాళ్లు లేరు. ఎదురుగా ఉన్న సొరంగంలోంచి అప్పటికే నిండిపోయిన ఇనుప కంచెల మధ్యకి వెళ్లిపోయారు. ముందువాళ్లు కంచెకి నలిగిపోయారు. ఆట ఆరు నిమిషాలకే ఆగింది. అంబులెన్సులు మైదానంలోకి సరిగా రాలేదు. ప్రకటనల బోర్డులు పీకి, వాటి మీద మనుషుల్ని పడుకోబెట్టి తోటి అభిమానులే మోసుకెళ్లారు. 97 మంది పోయారు. అందరికన్నా చిన్నవాడికి పదేళ్లు. 97వ మనిషి ఆ గాయాలతోనే బతికి 2021లో కన్నుమూశాడు. తాగి గొడవ చేసి వాళ్లే చచ్చారని పోలీసులు చెప్పారు. నాలుగు రోజులు తిరక్కుండా ఒక పత్రిక ఆ అబద్ధాన్ని 'నిజం' అన్న శీర్షికతో అచ్చేసింది. అభిమానుల తప్పేమీ లేదని కోర్టు జ్యూరీ తేల్చింది 2016లో. 27 ఏళ్లు అమ్మానాన్నలు కోర్టుల చుట్టూ తిరిగారు. నెట్‌లో మీరు చూసిన మాట ఆ పాత అబద్ధంలోంచి పుట్టిందే.

గోదావరి పుష్కరాల మొదటి రోజు, 2015లో, రాజమండ్రి ఘాట్‌లో జరిగిన తొక్కిసలాట మీకు గుర్తుండే ఉంటుంది. ఆ చనిపోయినవాళ్ల మీద ఎవరైనా మీ ముందు జోకు వేస్తే ఊరుకుంటారా?

అతను అన్న మ్యూనిక్ మాటా అంతే నీచం. 1958 ఫిబ్రవరి 6న బెల్‌గ్రేడ్‌లో ఆడి తిరిగొస్తూ ఇంధనం కోసం మ్యూనిక్‌లో ఆగిన విమానం, రన్‌వే మీద బురదమంచులో మూడోసారి లేవబోయి కూలింది. 23 మంది పోయారు, అందులో ఎనిమిది మంది యునైటెడ్ ఆటగాళ్లు. డంకన్ ఎడ్వర్డ్స్ ఆసుపత్రిలో 15 రోజులు పోరాడి పోయాడు, అతనికి 21 ఏళ్లు. మీ టర్ఫ్ టీములో అందరికన్నా చిన్నవాడి వయసెంతో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఆ ప్రమాదంలో చావు అంచుదాకా వెళ్లి బతికిన మేనేజర్ మాట్ బస్బీ, ఆటగాడిగా ఉన్నప్పుడు లివర్‌పూల్‌కి ఆడినవాడు. లివర్‌పూల్‌ని మళ్లీ నిలబెట్టిన బిల్ షాంక్లీ అతనికి మంచి స్నేహితుడు. ఇద్దరూ స్కాట్లాండ్‌లో బొగ్గుగనుల ప్రాంతం నుంచి వచ్చినవాళ్లే.

ఈ మాటలు స్టాండ్స్‌లో కూడా చెల్లవని రెండు క్లబ్బులూ మొత్తుకుంటూనే ఉన్నాయి. 2012 సెప్టెంబరులో ఆన్‌ఫీల్డ్‌కి వెళ్లిన యునైటెడ్ అభిమానుల చేతికి ఫెర్గూసన్ లేఖ ఇచ్చారు, నోరు అదుపులో పెట్టుకోమని. 2023 మార్చిలో రెండు జట్ల మేనేజర్లూ, టెన్ హాగ్, క్లాప్, కలిసి అదే విన్నపం చేశారు. (ఆ మ్యాచ్ లివర్‌పూల్ 7–0తో గెలిచింది. గుర్తు చేసినందుకు మరోలా అనుకోకండి.) అదే ఏడాది ఎఫ్ఏ కప్ ఫైనల్‌కి హిల్స్‌బరో మృతుల్ని వెక్కిరించే చొక్కా వేసుకొచ్చిన వ్యక్తికి కోర్టు జరిమానా వేసి, నాలుగేళ్లు మ్యాచ్‌లకి రాకుండా నిషేధించింది. అతను యునైటెడ్ అభిమానే. మీరు అన్న మాట, అతని చొక్కా మీద ఉన్న మాట ఒకటే కాకపోవచ్చు, కానీ ఒకే దుకాణంలోవి.

ఇంకో సంగతి. మీరిద్దరూ ఇక్కడ కాలర్లు పట్టుకుంటుంటే, అక్కడ అసలు మాంచెస్టర్, లివర్‌పూల్ మనుషులు ఏం చేస్తున్నారో చూశారా? 2025 జనవరి 5న ఆన్‌ఫీల్డ్‌లో మ్యాచ్‌కి ముందు రెండు క్లబ్బుల అభిమాన సంఘాలూ కలిసి టికెట్ ధరల మీద నిరసన చేశాయి. లోపలికెళ్లి మళ్లీ ఒకరినొకరు తిట్టుకునే ఉంటారు, అది వేరే సంగతి. మ్యాచ్ 2–2 డ్రా. ధర పెంచేటప్పుడు యజమాని ముందు పెట్టుకునే అంకెల్లో ఈ జనాదరణ లెక్క కూడా ఒకటని వాళ్లకి తెలుసు. ఇంతమంది క్యూలో ఉన్నారు, నువ్వు కాకపోతే ఇంకొకడు కొంటాడు అనడానికి అంతకన్నా మంచి సాకు లేదు. మా క్లబ్‌కి ఫ్యాన్స్ ఎక్కువ అని వాళ్లు గొప్పగా చెప్పుకోవడం తక్కువ. దాని బిల్లు కట్టేది వాళ్లే మరి.

సరే, పెళ్లి. వాళ్ల నాన్నగారు గుంటూరు నుంచి పటమట దాకా వచ్చి శుభలేఖ ఇచ్చి వెళ్లారన్నారు. ఆయనకి మీ ఇంటి అడ్రస్ ఎవరు చెప్పారు? పిలుపుల లిస్టు రాసేటప్పుడు కొడుకు స్నేహితుల పేర్లు కొడుకునే అడుగుతారు. మీ పేరు చెప్పకుండా ఉండటం అతనికి చాలా తేలిక. చెప్పాడు. తను రావడానికి మొహం చెల్లలేదు, అంతవరకే. నాన్నగారికి ఏమీ తెలియకపోవచ్చు, తెలిసి కూడా ఏమీ ఎరగనట్టు వచ్చి ఉండొచ్చు. పెద్దవాళ్లు అలాగే చేస్తారు.

ముహూర్తం టైముకి వెళ్లి, అక్షింతలు వేసి, భోంచేసి, ఫోటోలో చివర నిలబడి వచ్చేయకండి. దానికన్నా వెళ్లకపోవడం నయం. ఒక రోజు ముందు వెళ్లండి. ఆడపిల్లవాళ్ల ఇల్లు, పైగా ఆ అమ్మాయికి తమ్ముడు. ఆ రెండు రోజులు అతనికి ఊపిరాడదు. స్టేషన్ నుంచి బంధువుల్ని తీసుకురావాలి, విడిదిలో గీజర్ పనిచేయట్లేదని ఫోనొస్తుంది, పూలవాడు ఫోనెత్తడు, మంచినీళ్ల క్యాన్లు అయిపోతాయి, ఎవరో పెదనాన్నగారు ఏసీ రూము ఇవ్వలేదని అలుగుతారు. మీరు వెళ్లి "ఏం పనుందిరా" అని అడగండి. పెళ్లింట్లో పని అడిగినవాణ్ణి ఎవరూ పొమ్మనరు. బండి తాళాలు మీ చేతిలో పెట్టి ఎక్కడికో పంపిస్తాడు, ముఖం చూడకుండానే. అది చాలు మొదటికి.

మాట చెప్పాల్సిన సమయం అదే రోజు ఎక్కడో దొరుకుతుంది, ఇద్దరూ బండి మీద వెళ్తున్నప్పుడో, రాత్రి అందరూ పడుకున్నాక షామియానా కింద కుర్చీల్లో కూలబడినప్పుడో. చెప్పాల్సింది ఇంతే: "ఆ రోజు హిల్స్‌బరో మాట అనకూడదురా, తప్పు నాది." అక్కడితో ఆగండి. "నువ్వు కూడా మ్యూనిక్ అన్నావు కదా" అని తోక తగిలించకండి. తగిలిస్తే అది క్షమాపణ కాదు, మళ్లీ స్కోరు లెక్క. అతను వెంటనే తన వంతు చెప్పకపోవచ్చు. కొందరికి మాట రాదు, ప్లేటులో ఇంకో జిలేబీ వేసి ఊరుకుంటారు. దాన్ని జవాబుగా తీసుకోండి. ఒకవేళ నిజంగానే ముఖం తిప్పుకుని వెళ్లిపోయాడనుకోండి, అప్పుడు కూడా పెళ్లి అయ్యేదాకా ఉండి పని చేసి రండి. మీరు వెళ్లింది ఆ ఇంటి పిలుపు మీద.

మెసేజ్ పెట్టి సరిచేసుకుందామని మాత్రం అనుకోకండి. మీ గొడవ పదిమంది ముందు జరిగింది, సారీ ఫోన్లో రెండు అక్షరాలుగా వెళ్తే చులకనగా ఉంటుంది. ఆ రాత్రి రూములో నవ్విన మిగతా ఫ్రెండ్స్ కూడా పెళ్లికి వస్తారు కదా, వాళ్లు కదిలించి మళ్లీ రెచ్చగొట్టాలని చూస్తారు, అది మన స్నేహితుల జన్మహక్కు. ఎవరైనా 110 కోట్లు అని ఎత్తితే, అందులో మా వాణ్ణి కూడా కలిపేశార్రా అనండి.

ఇక ఆ రెండు వేలు. ఏ కొలతతో తేల్చాలో పందెం కాసినప్పుడు మీరు అనుకోలేదు. కాబట్టి ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడలేదు. ఇన్‌స్టాగ్రామ్ చూపించి మీరు వసూలు చేసుకోవచ్చు, ఆరు యూరోపియన్ కప్పులు చూపించి అతను అడ్డం తిరగొచ్చు, మూడో ఫ్రెండ్ ప్రాణం మీదికి వస్తుంది. ఆ డబ్బుతో పెళ్లయిన తర్వాత వచ్చే ఆదివారానికి టర్ఫ్ స్లాట్ బుక్ చేయమని ఆ మూడో అతనికే చెప్పండి. మీ ఇద్దరికీ మెసేజ్ కూడా అతన్నే పెట్టమనండి. టీములు విడదీసేటప్పుడు మీ ఇద్దర్నీ ఒకే వైపు వేయమనండి. అద్దె పోను మిగిలితే టిఫిన్‌కి.